ఆంటీ గదిలో నా గ్రైండరు

అది కాదు నాగరత్నం ఆంటీ, అద్దె బాకీ పడ్డాం, నా గ్రైండరు తాకట్టు అడిగారు, ఇచ్చాను. మీ గదిలో పెట్టుకున్నారు, సరే. కానీ అందులో మీరు పిండి రుబ్బుకోవడం ఏమిటండీ? పొద్దున మీ దోసెల వాసనకే నాకు మెలకువ వచ్చింది, తెలుసా?

నవ్వకండి, కావాలంటే మా ఆయన్ని అడగండి. లా చదివి, అది కూడు పెట్టదని కంప్యూటర్ నేర్చుకుని ఈ పరాయి దేశం వచ్చారు కదా! కంప్యూటర్ తెలిస్తే చాలు, పిలిచి ఉద్యోగాలిస్తున్నారట. మాకు మాత్రం జీతాలివ్వని డాట్ కామ్ కంపెనీ దొరికింది, మా రాత. జీతం రాకపోయినా ఆ లా చదువు మాత్రం ఆయన నోట్లోంచి వస్తూనే ఉంటుంది. పూర్వం రోము దేశంలో తాకట్టు సొమ్మును అప్పిచ్చినవాడు వాడుకుంటే దొంగతనం కిందే లెక్కట. నేనన్నది కాదు, ఆయనన్నారు.

అసలు మొదట్లో ఇంకా ఘోరమట. వస్తువు మొత్తం అప్పిచ్చినవాడికి సొంతంగా ఇచ్చేసి, బాకీ తీరాక తిరిగిస్తాడులే అని నమ్ముకుని కూర్చోవాలట. తర్వాత కాస్త నయం. వస్తువు నీదే, కానీ ఉండేది వాడి దగ్గర. ఇదిగో, ఇప్పుడు మనం ఉన్నది అక్కడే.

మరి కౌలు రైతు నాగలి, ఎడ్లు పొలం ఆసామి తాకట్టని పట్టుకుపోతే వాడు దున్నేదెలా, కౌలు కట్టేదెలా? అందుకని వాటిని రైతు దగ్గరే ఉంచి, కట్టకపోతేనే తీసుకునేలా ఒప్పుకున్నారట. మన ఊళ్ళో ఫైనాన్సు మీద బండి కొని మనమే తిరగమూ, అలాగన్నమాట.

నా నాగలి మీ మంచం పక్కన ఉంది ఆంటీ. పాసిర్ రిస్ పేటలో ఉండే మన తెలుగు కుర్రాళ్ళు శనివారానికి ఇడ్లీ పిండి కావాలంటున్నారు. రుబ్బితేనే కదా, మీ అద్దె వచ్చేది?

ఏమిటీ, పట్టుకుని పారిపోతేనా? ఆ రాళ్ళు మోసుకుని లిఫ్టు దాకా అయినా వెళ్ళగలనా నేను?

సరే, అడిగారు కాబట్టి చెప్పేస్తాను. పోయిన వారం మా ఆయన పెట్టెలు సర్దేశారు. సముద్రం మీది ఆ కాజ్‌వే రోడ్డు దాటితే పక్క దేశం, జొహోరు, అక్కడ స్నేహితుడు వికాస్ ఉన్నాడు, అద్దె తర్వాత పంపుదాం అన్నారు. ఆ ‘తర్వాత’ ఎప్పుడొస్తుందో నాకు తెలీదా? నేనే కదలనన్నాను. ధర్మానికి కట్టుబడ్డాననుకునేరు, అబ్బే, అదేం కాదు. గ్రైండరు మీ దగ్గరుంది, వదిలి వెళ్ళలేకపోయాను.

అంటే మీ తాకట్టు బాగానే పనిచేసింది ఆంటీ. నా కేసు నేనే పాడుచేసుకున్నాను, మా ఆయన వింటే తల పట్టుకుంటారు.

ఇక మీ ఇష్టం. ఇచ్చేస్తే ఉంటానా అంటే, ఉంటాననే అనుకుంటున్నాను. అంతకు మించిన పూచీ నా దగ్గర లేదు.