మన చేలో కలుపు

వాన వెలిసిన ఆ పొద్దున రైతు పార పట్టుకుని, కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాడు. భార్య గిన్నెలు తోముతోంది.

“మోతుబరి కబురంపాడే. వాళ్ళ చేలో కలుపుకి రమ్మంటున్నాడు.”

“మరి మన చేలో ఎవరొచ్చి తీస్తారు, మీ మేనమామా?”

“ఏటా ఆయనది అయ్యాకే కదా మనది!”

“ఏటా ఆలోగా కలుపు మన పైరుని మింగేస్తోంది. గింజల్లేక మళ్ళీ ఆయన గుమ్మమే ఎక్కుతున్నాం.”

“కూలికి పోకపోతే పొయ్యెలా వెలుగుతుంది?”

“నెలనెలా ఇచ్చే సర్కారు డబ్బు నిన్న పడిందిగా. సరుకులు తెచ్చేశాను.”

“వచ్చే నెల ఆపేస్తే?”

“పోయిన నెలా ఇదే ఏడుపు ఏడ్చావు. ఆపారా?”

అతను పార భుజాన వేసుకుని గబగబా వీధిలోకి నడిచాడు.

“ఏమయ్యోయ్, అటెక్కడికి? అది మోతుబరి చేనికి పోయే దారి!”

అతను నాలుక్కరుచుకుని వెనక్కి తిరిగాడు.

“మన చేనికేనే! ఈ కాళ్ళకే ఇంకా దారి తెలీదు.”