సూది తప్పించుకున్న పుంజు

2003 ఎండాకాలం. కుందుర్పి పక్క పల్లెలో కోళ్లకు సూదులు వేసే హేమావతి ఇంటికి పొద్దున్నే ఓబమ్మ వచ్చి కూర్చుంది. ఊర్లోవాళ్లెవరూ తన గడప తొక్కకుంటే బాగుండునని హేమావతి నాలుగు రోజులుగా మొక్కుకుంటోంది.

"నీళ్లు తాగత్తా."

"నీళ్లొద్దు హేమా. సూదులేసినాక గూడా ఊర్లో కోళ్లన్నీ కొక్కెర తెగులొచ్చి సచ్చిపాయ కదా. అది నా వల్లనే."

"నీ వల్ల యాలవుతాది? గమ్మునుండు."

"ఆ పొద్దు నా పుంజును గంప కింద దాచిపెట్టినా. చౌడమ్మకు మొక్కిన పుంజు. మొక్కినదానికి గాయం తగలకూడదు కదా. సూది గుచ్చితే అమ్మ ఒప్పుకోదని..."

"పోనీలే అత్తా."

"ఇంతేనా కోళ్లు అని నువ్వు అడిగితివి. ఇంతే అంటి. మొదుట గురక పెట్టింది అదే. మెడ తిప్పుకొని సచ్చె. దాన్నుంచే ఊరంతా అంటుకుండాది."

"సూది పడిన కోడికి నీ పుంజు నుంచి అంటుకోదు."

"మరెట్లొచ్చె?"

"ఏమో. గాలికొచ్చిందేమో."

"గాలికొస్తే నీ ఇంటికి రాలేదే? నీ తొమ్మిదీ ఆడ తిరుగుతాండాయి. మందు మంచిదే హేమా. మా పక్కింటి నల్లమ్మకు కోడిగుడ్లే ఆధారం, ఆయమ్మ మొగం చూడలేక సిగ్గుతో సస్తాండా. సాయంత్రం పొదుపు సంఘంలో నిలబడి తప్పు నాదే అని చెప్తా."

"చెప్పొద్దు."

"చెప్తా. అందరూ నిన్ను మాటలంటాండారు. సంఘంలోంచి తీసేస్తే తీసేయనీ నన్ను."

"చెప్పొద్దంటాండా కదా. కూచో. కూచో అత్తా. ఆ పొద్దు నేను మందు తెస్తాంటే బస్సు చెడిపోయి రెండు గంటలు ఎండలో నిలబడె. డబ్బాలో ఐసంతా నీళ్లయిపాయ. మందు కాగిపాయ."

"కాగితే ఏమి?"

"పనికిరాదు. నాకు తెలుసు. బస్సు దిగేతలికి అందరూ కోళ్లు సంకన పెట్టుకోని కాచుకోనుండారు. చెడిపోయిందని చెప్పేకి నోరు రాలే. ఏసేసినా."

"మరి నీ కోళ్లు?"

"మరుసటి దినం పోయి కొత్త సీసా తెచ్చినా."

"నీ తొమ్మిదికే సరిపాయనా ఆ సీసా?"

"నూరు కోళ్లకొస్తాదత్తా. మళ్లీ యాల ఏస్తాండావని అడుగుతారని... మిగిలింది దిబ్బలో పోసేసినా."