రెండు నోళ్ల వార్త

దగ్గరికి జరిగి చెవి ఒగ్గండి. నల్లగొండ పక్కన ఒక మగ్గాల వాడ, పొద్దున తొమ్మిది దాటింది. అరుగు మీద పట్టుపోగును ఆసు చట్రం మేకులకు చుడుతూ లక్ష్మీనర్సమ్మ. గోడకు ఆనుకొని, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో మనవరాలు శ్రీలత.

“ఇంక జర దగ్గరికి రా బిడ్డా. గోడకు గూడ ఇనపడొద్దు.”

“అవ్వా, పదింటికి నా వార్త పోవాలె. మూడు నెలల పరీక్ష ఇయ్యాల్టితోని ఒడుస్తది. పోకుంటే నా కొలువే పోతది. ఏందో జల్ది చెప్పు.”

“నరహరి దుకాణంల పట్టు లేదు.”

“లేకపోతే రేపొస్తది.”

“అసలే లేదే. ఒక్క పోగు లేదు. త్రాసు బోర్లేసి కూసున్నడు. మల్లప్ప రెండేండ్లకు సరిపోను తెచ్చి కూలర్ల కుక్కిండు. గాలి రాక ఇంటోళ్లంత ఉడికిపోతున్నరు.”

“శైలజక్క?”

“బియ్యం డ్రమ్ముల పెట్టింది. బియ్యం మంచం మీద పోసింది.”

“నిజంగ?”

“నా కండ్లతోని చూసిన. ఐలేశమైతే దేవుని అర్రల దాచి తాళమేసిండు. దీపం పెడ్తనంటే పెండ్లానికి గూడ తాళంచెయ్యి ఇస్తలేడు.”

“అవ్వా, నువ్వు బంగారానివి. మా డేవిడ్ సారు మొదటిసంది గిదే అడుగుతున్నడు. టీవీల వచ్చేది అందరు రాస్తరు, నీ ఊరి నుంచి ఒక్క ముచ్చట తే అని.”

“గా పొద్దుగాల్లనే మీ వార్తలు చదివి భయపడేటోళ్లకా?”

“భయపడేటోళ్లు కాదే, రిస్కు ఆఫీసర్లు. యాడ యుద్ధం లేసింది, ఏ రేవు బందయింది, ఏ దేశంల ధరలు పెరిగినయి, మేం రాసి పంపితే చదివి వాళ్ల కంపెనీని ముందుగాల్నే జాగ్రత్త చేస్తరు.”

“అంటే రానిదానికి భయపడాలె. దానికి జీతం.”

“గట్లనే అనుకో.”

“డెబ్బై ఏండ్ల సంది ఊకెనే భయపడ్తున్న. ఒక్కడు గూడ జీతమియ్యలే.”

“నవ్వియ్యకు, తప్పులు పడ్తున్నయి. ఇగో ఇను. ‘నల్లగొండ మగ్గాలకు పట్టు కరువు. ముందే దాచుకుంటున్న నేతగాళ్లు.’ ఎట్లుంది?”

“కూలర్ రాసినవా?”

“కూలర్ ఎందుకే?”

“కూలర్ రాయకుంటే ఎవలు నమ్ముతరు?”

“సరే, రాసిన. కని ఒక చిక్కుంది. మా దగ్గర రెండు నోళ్లు చెప్తేనే వార్త. ఒక్క నోరు చెప్తే పక్కకు పారేస్తరు.”

“నాది ఒక్క నోరా?”

“ఎంత పెద్దగున్నా ఒక్కటే. ఆగు, సారే ఫోన్ చేస్తున్నడు. హలో సార్... అవును సార్, పట్టే... రాయచూరు నుంచి గూడనా? స్నిగ్ధ పంపిందా? అదే మాట?... పదింటికి పోతదా సార్? మొదటి వార్తనా?... థాంక్యూ సార్.”

“ఏమాయెనే?”

“రెండో నోరు దొరికిందవ్వా! మాతోని పనిచేసే స్నిగ్ధ రాయచూరుల ఉంటది. గాడ గూడ పట్టు దాస్తున్నరట. పదింటికి నాలుగు వందల కంపెనీలకు పోతది, పైన నా పేరుతోని. కొలువు ఖాయమైనట్టే. లే, ఆసు ఆపు, ఎగురుదాం.”

“మోకాళ్లు ఎగురయి. చేతులు పట్టుకో, ఊపు.”

“ఇగ ఒక్క లైనే. ఎందుకు దాస్తున్నరో రాయాలె. మల్లప్ప తాతకు ఎట్ల తెలిసింది?”

“తెలుస్తది.”

“ఎట్ల?”

“వాడన్నంక మాటలు పోవా, రావా? పాలు పొంగుతున్నయేమో, చూసొస్త.”

“పొయ్యి మీద పాలు లేవు. కూసో. ఎవలు చెప్పిండ్రు?”

“నేనే.”

“నీకెవలు చెప్పిండ్రు?”

“నువ్వే.”

“నేనా?”

“సోమవారం అర్రల కూసొని ఫోన్ల చెప్తలేవా? చైనాల పెద్ద రేవు బందు, ఆరు నెలలు పట్టు రాదు, ఎంత సరుకుందో ఇయ్యాల్నే చూసుకోండి అని. బరాబర్ ఇన్న.”

“అవ్వా, అది ఉత్తదే. ప్రతి సోమవారం ఒక కత అల్లుతం. గట్లయితే ఏం జెయ్యాలె అని కొత్తగ చేరినోళ్లం మాలో మేమే ఆడి చూసుకుంటం. ఇంట్ల పట్టు కండ్ల ముంగట ఉన్నదని నేనే పట్టు కత అల్లిన. ఉత్తది అని మొదట్లనే చెప్పిన.”

“మొదట్ల నేను పొయ్యి కాడున్న.”

“ఇంకెవలికి చెప్పినవు?”

“ఎవలికి లేదు. వాడకట్టు వరకే.”

“నా మీద ఒట్టు పెట్టు.”

“మక్తల్ల మా చెల్లె బాలమణికి చెప్పిన. పరాయిదా ఏంది? ఆమె కోడలిది రాయచూరే. వాళ్ల నాయినది పట్టు దుకాణం.”

“అంటే రెండో నోరు గూడ నీదే.”

“నువ్వే కదనే, ఒక్కటే అంటివి?”

“అయ్యో అవ్వా.”

“సప్పుడు చెయ్యకు. పోనియ్యి. కొలువు ఖాయమైనంక ఎవలకెరుక?”

“లేని కరువుకు నాలుగు వందల కంపెనీలు ఉరుకుతయి. మల్లప్ప తాత కూలర్ల కుక్కినట్టు వాళ్లు గోదాముల కుక్కుతరు. ఇగ నిజంగనే కరువొస్తది. మన మగ్గాలే ముందు ఆగుతయి.”

“ఆపితే నీ కొలువో?”

“పోతది.”

“టైమెంతాయె?”

“ఐదు తక్కువ పది.”

“మరి నా మొఖం చూస్తవేందే? చెయ్యి ఫోను.”

“సార్, పట్టు వార్త ఆపండి... అవును సార్, నాదే. కరువు లేదు. సోమవారం నేను అల్లిన కత మా అవ్వ ఇని వాడంత చెప్పింది... రాయచూరుది గూడ మా అవ్వనే సార్... హలో? సార్?”

“ఏమంటున్నడు?”

“నవ్వుతున్నడో, దగ్గుతున్నడో.”

“స్పీకర్ల పెట్టు. ఓ డేవిడ్ సారూ, నేను లక్ష్మీనర్సమ్మను. పోరిది కాదు తప్పు, నాది. ఉత్తది అన్నప్పుడు పొయ్యి కాడున్న.”

“నమస్తే అమ్మా. వార్త ఆపేసినం, ఫికర్ పడకండి. పంపేవాళ్లు నా దగ్గర మస్తుమంది ఉన్నరు. తన పేరుతో పోయే వార్తను తానే ఆపిన మనిషి ఇయ్యాలే దొరికింది. శ్రీలత కొలువు పక్కా. మీరు మాత్రం సోమవారాలు ఆ అర్ర దగ్గరికి రావొద్దు.”

“రాను సారూ. లోపల కుర్చీ ఏస్తే మొదటిసంది కూసొని ఇంట.”

“పెట్టేసిండవ్వా. నవ్వుకుంటనే పెట్టేసిండు. పక్కా అన్నడు, ఇన్నవా?”

“ఇన్న. నా చెవులకేమైంది?”

“అయితే లే. ముందు పోయి పట్టు ముచ్చట ఉత్తదని చెప్పు. నరహరి మామకు సరుకు వాపసిస్తరు. మల్లప్ప తాత ఇంటోళ్లకు జర గాలి ఆడనియ్యి. అటెనుక నిజం వార్త చెప్పు, నా కొలువు ఖాయమైందని.”

“గది పోయిన నెల్లనే చెప్పిన.”

“అప్పటికి కాలే కదనే!”

“కాలే. కని చెప్పకపోతే చైనా రేవు మాటకు ఎవలు ఉరుకుతరు? పెద్ద ఆఫీసరైన నా మనవరాలి నోటి మాటని ఎగబడిరి. ఎవలన్న నవ్వితే గీ ఒక్కటి యాదిపెట్టుకొని చెప్పు బిడ్డా: మా అవ్వ రెండు వార్తలు చెప్పింది, అండ్ల ఒకటి నిజమైంది.”