కోచ్ టాకెట్ నోరు మూసుకున్న ఆట

కోచ్ రాయిస్ టాకెట్ మాట మొదలుపెడితే, మధ్యలో లేచివెళ్ళి ఎకరం దున్నుకొచ్చినా ఏమీ పోదని పశ్చిమ కాన్సస్‌లో అందరికీ తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఫోర్ట్ లైమన్ కాలేజీలో బేస్‌బాల్ నేర్పుతున్నాడాయన. తొమ్మిది వందల పైచిలుకు ఆటలు గెలిపించాడు. అందులో కోత లేదు, రికార్డు పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిదంతా ఆయన నోట్లో ఉంది, ఆ నోట్లో నువ్వుగింజ నానదు.

ఆ గెలుపుల్లో సగానికి పైగా పక్కన నిలబడి చూసినవాడు మైలో వావ్రా. ఇరవై నాలుగేళ్ళుగా ఆయన కింద సహాయక కోచ్. వ్యాను నడిపేది తనే, బ్యాట్ల సంచి మోసేది తనే, కోచ్ కోతలు కోస్తుంటే పక్కన కూర్చుని బూట్లకేసి చూసుకునేదీ తనే. అలవాటైపోయింది. కానీ ఆ నవంబరు మధ్యాహ్నం ఉన్రూ వాళ్ళింటి వసారాలో కూర్చున్నప్పుడు మాత్రం మైలో చూపు బూట్ల మీద నిలవలేదు.

ఎందుకంటే ఆ రోజు సంగతి వేరు. రెండేళ్ళుగా జట్టు వరసగా ఓడిపోతోంది. ఎడమచేత్తో బంతి విసిరే మంచి పిచ్చర్ దొరకలేదో, మే నెలలో నీకు సన్మానం చేసి ఇంటికి పంపేస్తామని కాలేజీ ప్రెసిడెంటు మొహం మీదే చెప్పేశాడు. వస్తూ వస్తూ వ్యానులో కోచ్ అన్నాడు, "ఇంటి దగ్గర కూర్చుని నేనేం చెయ్యనోయ్ మైలో? మాక్సీన్‌కి నా కథలన్నీ కంఠతా వచ్చు. నేను మొదలుపెడితే ఆవిడ పూర్తి చేస్తుంది." నవ్వుతూనే అన్నాడు గానీ మైలోకి నవ్వు రాలేదు.

"వీళ్ళు మెనోనైట్ క్రైస్తవులు, మాట పొదుపుగా వాడే మనుషులు. మీరు కాస్త తక్కువ మాట్లాడండి కోచ్ గారూ," అన్నాడు మైలో.

"నేనెప్పుడు ఎక్కువ మాట్లాడాను?" అన్నాడు కోచ్. నిజంగానే అడిగాడు.

వాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడు, కర్ట్ ఉన్రూ, వసారా మెట్ల మీద కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళు, ఆరడుగుల నాలుగంగుళాలు, ఎడమచెయ్యి. వాడు విసిరిన బంతి కంటికి కనిపించేలోపే వెనకాల పట్టేవాడి చేతిలో చప్పుడవుతుంది. ఇంతటివాడు నోరు తెరిచి మాట్లాడగా విన్నవాళ్ళు ఆ జిల్లాలో తక్కువ. వాడి తండ్రి హార్లన్ గోడకానుకుని నిలబడ్డాడు. వాడి నానమ్మ ఆల్వినా, ఎనభై ఒకటి దాటిన మనిషి, ఒళ్ళో చెక్క పెట్టుకుని అక్రోట్లు సుత్తితో పగలగొడుతోంది. ఆ ఇంట్లో ఏ మాటైనా ఆఖరికి ఆ సుత్తి దగ్గరే తేలుతుంది.

"ఏవయ్యా కోచ్, నిన్నొక్కటే అడుగుతాను," అంది ఆల్వినా. "మా వాడికి బంతి విసిరేటప్పుడు ఎవరూ పలకరించకూడదు. పలకరిస్తే వాడి చెయ్యి వాడి మాట వినదు. పోయిన వేసవిలో మా ఊరి జట్టు కోచ్ ఊరికే అరిచాడు. వరసగా పదకొండు మందికి బంతులన్నీ పక్కకేసి, కంచె వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు. నిన్న పెద్ద యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. వీడు మధ్యలో లేచి దొడ్లోకి పోయాడు, ఆయన వెళ్ళాక కూడా చీకటి పడిందాకా బయటికి రాలేదు. నీకు నోరు మూసుకోవడం వచ్చా, రాదా?"

మైలో కళ్ళు మూసుకున్నాడు. ఉన్న ప్రశ్నలన్నీ వదిలేసి ఆవిడ ఇదే అడగాలా?

"నోరు మూసుకోవడమా?" అన్నాడు కోచ్, కుర్చీ ముందుకు జరుపుకుని. "అమ్మా, సరైన మనిషినే అడిగారు. నేను అసలే మితభాషిని. అయినా మీరడిగారు కాబట్టి చెప్తున్నాను, డెబ్బయ్యొకటి వసంతంలో సెయింట్ ఒడీలో కాలేజీ వాళ్ళతో ఆట."

మైలో ఉద్యోగంలో చేరింది డెబ్బైరెండులో. కోచ్ కథల్లో ముఖ్యమైనవన్నీ డెబ్బయ్యొకటిలోనే జరుగుతాయి.

"ఆ రోజు మా పిచ్చర్ వెండెల్ క్రోబ్. మూడు ఇన్నింగ్సు అయ్యేసరికి చూద్దును గదా, అవతలివాళ్ళు ఒక్కడంటే ఒక్కడు బంతిని సరిగ్గా కొట్టలేదు. అలాంటప్పుడు ఆ మాట సొంత జట్టులో ఎవరూ పైకి అనకూడదు, అన్నారా దిష్టి తగిలి..."

"మాకు తెలుసులే," అంది ఆల్వినా. "మేమూ బేస్‌బాల్ చూస్తాం."

"తెలుసు గదా. అందరూ ఆ ఒక్క మాటే అనరు. నేనట్లా కాదు, మొత్తానికే నోరు కట్టేసుకున్నాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. ఒక ఇన్నింగు అయింది, మాట్లాడలేదు. రెండో ఇన్నింగూ మాట్లాడలేదు. ఇక మా బ్యాటింగు వచ్చింది, మూడో బేసు పక్కన నిలబడి పరుగెత్తేవాళ్ళకి నేను చెప్పాలి గదా, నోరు లేదాయె, ఉన్నవల్లా సైగలే. టోపీ ముట్టుకుంటే ఆగమని, బెల్టు ముట్టుకుంటే పరుగెత్తమని. సరిగ్గా అప్పుడొచ్చిందమ్మా కందిరీగ. వచ్చి ఏకంగా నా బెల్టు మీద వాలింది. కొట్టాను. మొదటి బేసు మీదున్నవాడు రెండో బేసుకి లగెత్తాడు. మళ్ళీ వాలింది, మళ్ళీ కొట్టాను, వాడు మూడుకొచ్చాడు. ఇంకోసారి కొట్టాను, వాడు హోమ్‌కొచ్చేశాడు, ఒక పరుగు. ఆ కందిరీగ పుణ్యమా అని ఆ ఒక్క ఇన్నింగులో ఆరు పరుగులు."

"కుట్టలేదా మరి?" అడిగాడు హార్లన్.

"కుట్టకేం, నాలిక మీదే కుట్టింది. కిమ్మనలేదు."

ఆల్వినా సుత్తి ఆపింది. "నోరు మూసుకుంటే నాలిక మీదెట్లా కుట్టిందయ్యా?"

"ఆవులించాన్లేమ్మా," అన్నాడు కోచ్ తడుముకోకుండా. "ఆవులిస్తే మాట్లాడినట్టా?"

మైలో టోపీ ముట్టుకున్నాడు. ఆగమని. ఆ సైగ తనకి నేర్పింది కోచే, అయినా ఆయన ఇటు చూడలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంపైరు మావాణ్ణి అన్యాయంగా ఔటిచ్చాడు. పదమూడేళ్ళుగా నా చేత తిట్లు తింటున్న అంపైరు. మామూలుగా అయితే నేను వెళ్ళి వాడి మూడు తరాల్నీ పలకరించి వచ్చేవాణ్ణి. ఆ రోజు ఎదురుగా వెళ్ళి నిలబడి ఊరికే చూశాను. 'ఏదో ఒకటి అను రాయిస్' అన్నాడు. అనలేదు. 'పోనీ మా తాతనైనా తిట్టు, ఆయన మంచివాడేం కాదు' అన్నాడు. ఊహూఁ. వాడికి ఒళ్ళంతా చెమటలు పట్టేసి, తనంతట తనే 'సేఫ్, సేఫ్' అని, నా రెండు చేతులూ పట్టుకుని బావురుమన్నాడు. ఇప్పటికీ క్రిస్మస్‌కి వాడు నాకు కార్డు పంపుతాడమ్మా, లోపల ఏమీ రాయకుండా."

కర్ట్ లేచి దొడ్డివైపు వెళ్ళాడు. దూడలకి మేత వేసే వేళయింది. మైలో వాడి వీపుకేసి చూశాడు. అయిపోయింది, నిన్నటాయన్ని చూసి దాక్కున్నట్టే ఈయన్ని చూసీ దాక్కుంటాడు. మే నెల, సన్మానం, గోడ గడియారం బహుమతి, ఇంట్లో మాక్సీన్ ఎదురుగా కూర్చున్న రాయిస్ టాకెట్, అన్నీ కళ్ళ ముందు కనబడ్డాయి.

కోచ్‌కి మాత్రం వినేవాళ్ళు ఒకరు తగ్గిన సంగతే పట్టలేదు. "ఏడో ఇన్నింగు, మా బ్యాటింగు. నైరుతి దిక్కున నల్లగా లేచింది. సుడిగాలి. అందరూ వెండెల్‌నే చూస్తున్నారు, దాన్ని చూసింది నేనొక్కణ్ణే. అరుద్దామా అంటే దిష్టి. అరవకపోతే ఊరు పోతుంది. చెప్పండమ్మా, ఏం చెయ్యాలి?"

"అరవాలి," అంది ఆల్వినా.

"నేను అరవలేదు. మూడో బేసు పక్కన నిలబడి, పరుగెత్తుకొచ్చేవాణ్ణి ఆపినట్టు రెండు చేతులూ ఎత్తాను. అంతే. వచ్చింది వచ్చినట్టు మూడో బేసు మీద ఆగిపోయింది. కదలదు, అక్కడే గిర్రున తిరుగుతోంది. అంపైరు దగ్గరికొచ్చి కిందకి వంగి చూశాడు, బేసు మీదే ఉంది, 'సేఫ్' అన్నాడు. మరి ఆయన మాత్రం ఏం చేస్తాడు, రూలు ప్రకారం సేఫే. సరే, ఎలాగూ అక్కడిదాకా వచ్చింది గదా, ఊరికే పోనివ్వడం దేనికని చెయ్యి తిప్పి హోమ్‌కి పొమ్మన్నాను. పోయింది. పోతూ పోతూ హోమ్ ప్లేటు మీద దుమ్మంతా ఊడ్చేసింది, అంపైరుకి చీపురు తీసే పని లేకుండా. చివరికి ఏడు-సున్నాతో గెలిచాం. ఆరు కందిరీగవి, ఒకటి సుడిగాలిది."

"ఆ సుడిగాలికి ఏ నంబరు చొక్కా ఇచ్చారు?" అడిగింది ఆల్వినా.

"దాని కొలతకి చొక్కా దొరకలేదమ్మా."

హార్లన్ అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. నవ్వాపుకోవడానికేనేమో, మైలో చెప్పలేడు. ఆయన వసారాలోకి రెండోసారి కాఫీ తెచ్చి పోశాడు, జ్వీబాక్ రొట్టెల పళ్ళెం ముందుకు తోశాడు. కోచ్ రొట్టె చేతిలోకి తీసుకున్నాడు గానీ తినలేదు. తింటే నోరు ఖాళీ ఉండదు.

"ఆట అయిపోయింది గదా, వెండెల్‌ని భుజాల మీదెక్కించుకుని ఊరేగించారు గదా, ఇక మాట్లాడొచ్చు గదా? రాలేదు. నాలిక మాట మర్చిపోయింది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. మాక్సీన్ భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నోట్లో దీపం వేసి చూసి, 'యంత్రం బాగానే ఉంది, వాడకం ఎక్కువై సెలవు పెట్టింది' అన్నాడు. ఆదివారం చర్చిలో పాస్టరు నా మౌనం చూసి సిగ్గుపడి ప్రసంగం ఆరు నిమిషాల్లో ముగించాడు. నన్ను చూడ్డానికి నెబ్రాస్కా నుంచి బస్సులు కట్టించుకుని వచ్చారు. చంటిపిల్లల్ని ఎత్తి చూపించారు, 'అదుగో, మాట్లాడని టాకెట్' అని."

"డెబ్బయ్యొకటి వసంతంలోనా?" అన్నాడు హార్లన్ నెమ్మదిగా. "మా గాలిమర మూడు రోజులు తిరగలేదు. నూనె అయిపోయిందేమో అనుకున్నాం."

"నా వల్లే," అన్నాడు కోచ్, వినయంగా తల వంచి.

ఈసారి ఆల్వినా నవ్వింది, ఒక్కసారి, ముక్కుతో. తర్వాత ఒళ్ళో చెక్క తీసి పక్కన పెట్టింది. పొద్దు ధాన్యం గోదాము వెనక్కి వాలింది. కోచ్ గొంతు దొడ్డిదాకా వినబడేదే; కర్ట్ ఎప్పుడో తిరిగొచ్చి మళ్ళీ అదే మెట్టు మీద కూర్చున్న సంగతి మైలో అప్పుడే గమనించాడు.

"నేను అవునా, కాదా అని అడిగాను," అంది ఆల్వినా. "అడిగినప్పుడు గడియారంలో మూడయింది. ఇప్పుడు దూడలు కూడా తిని పడుకున్నాయి. మూడు రోజులు మాట్లాడని సంగతి చెప్పడానికి నీకు నాలుగో రోజు కూడా పట్టేలా ఉంది." మనవడి వైపు తిరిగింది. "విన్నావుగా. నీ బతుకు, నువ్వే చెప్పు."

కోచ్ మొహంలో వెలుగు పోయింది. చేతిలో రొట్టెని చూసుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఒక్క క్షణంలో అంత ముసలివాడయిపోవడం మైలో చూడలేకపోయాడు.

కర్ట్ గొంతు సవరించుకున్నాడు. సవరించుకోవడానికే చాలాసేపు పట్టింది.

"ఈయన నోరు మూసుకోలేడు నానమ్మా," అన్నాడు. "కందిరీగ అబద్ధం. సుడిగాలి అబద్ధం. గాలిమర నాన్న కల్పించాడు. ఈయన ఒక్క నిమిషం కూడా ఊరుకుని ఉండడు."

"అయితే?" అంది ఆల్వినా.

"నిన్నటాయన నన్ను నలభై ప్రశ్నలడిగాడు. నేను లెక్కపెట్టాను. నాకేం ఇష్టం, నా లక్ష్యమేంటి, ఓడినప్పుడు ఏమనిపిస్తుంది. ప్రతిసారీ ఆగి నా మొహంలోకి చూశాడు." కర్ట్ గడ్డం ఎత్తి కోచ్ వైపు చూపించాడు. "ఈయన వచ్చిందగ్గర్నుంచి నన్నొక్కటీ అడగలేదు. నేను లేచిపోయినా చూడలేదు. ఈయన పక్కనుంటే ఇంకెవరికీ సందు దొరకదు, నాతో మాట్లాడ్డానికి. నాలుగేళ్ళు హాయిగా బంతి విసురుకోవచ్చు."

ఆ జిల్లాలో కర్ట్ ఉన్రూ ఒకేసారి అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు.

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు వాడు.

మైలో గబగబా కాగితం తీసి చిన్నబల్ల మీద పరిచాడు. కోచ్ టాకెట్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ మూసుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, ముందుకు వంగి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

ఆల్వినా ఆయన్ని ఎగాదిగా చూసి, సుత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు నమ్ముతాను," అంది.