పాపాయమ్మప్ప దవడ

బుగ్గట్టుకుని కూకున్నావేట్రా రమణమూర్తీ. పన్నా? ఆవలిస్తే సెవి కాడ టక్కుమంటందా? మరైతే రేపే పన్ను పీకించేసుకుంటానని బయల్దేరకు. ఇలా దగ్గరికి రా, నాకు గట్టిగా మాటాడే ఓపిక లేదు.

మా అప్ప, అదే మా అక్క, పాపాయమ్మకీ ఇదే నొప్పి. నీకు మామ్మ వరస, నువ్వు పుట్టకముందే పోనాది. పందొమ్మిది వందల డెబ్బై నాలుగో, ఐదో మరి, నాను రేవులో కలాసీగా సేసే రోజులు. అప్ప ఆ రేవు గొడౌన్లోనే సిరిగిన గోనెబస్తాలు కుట్టేది. ఆడోళ్లు పదిమంది వరసగా కూకునేవోళ్లు. ఒక సేత్తో దబ్బనం, ఇంకో సేత్తో బస్తా. కుట్టు అయ్యాక పురికొస తెంపాల కదా, సేతులు ఖాళీ లేవు, దవడ పళ్లతో కొరికేసేది. ఎప్పుడూ కుడిపక్కే. రోజుకి వంద బస్తాలు. గేటు కాడ కత్తీ బ్లేడూ లోపలికి రానిచ్చేవోళ్లు కాదు, కొట్లాటలవుతాయని. మేస్త్రీ చలమయ్యని ఒకడు ఎనకే తిరిగేవోడు. "ఏటి పాపాయమ్మా, నిద్దరోతన్నావా? నీ సోటుకి గేటు బయట నలుగురున్నారు" అనేవోడు. ఆణ్ని తలుసుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుద్ది. సర్లే, ఆడూ పోయాడు.

అలా కొరికి కొరికి అప్పకి దవడ పట్టేసింది. నోట్లో రెండు వేళ్లు కూడా పట్టేవి కావు. గంజి తాగి పనికెల్లేది. మొగుడు లేడు, ఇద్దరాడపిల్లలు, నాలుగు రోజులు మానేస్తే సోటు పోద్ది. నాకు కంగారు. నానే కంచరపాలెం రైలుగేటు కాడ పళ్లు పీకేవోడి దగ్గరికి తీసుకెల్లాను. నోరు బలవంతాన తెరిపించి కుడిపక్క రెండు పళ్లు పీకేశాడు. గట్టి పళ్లురా అవి. వారమైనా నొప్పి అలాగే ఉంది.

అప్పుడు మా వీధిలో నీలకంఠమని కాంపౌండరుండేవోడు. అప్ప సెవి ముందర వేలెట్టి "తెరువమ్మా, ముయ్యి" అన్నాడు. నన్నూ వేలెట్టి సూడమన్నాడు. లోపల తలుపు బందులాగ కటుక్కుమంటంది. "పన్నుకేటీ అవలేదయ్యా, ఇది కీలు. పురికొస కొరకడం మానిపించు" అన్నాడు. ఇంకేటి సెప్పాడంటే, నువ్వూ విను, ఏణ్ణీళ్ల గుడ్డతో పూటకి పావుగంట కాపడం. మెత్తటన్నం, సిన్న ముద్దలు. ఆవలింతొస్తే గెడ్డం కింద పిడికిలెట్టుకోవాల. తినేటప్పుడు తప్ప పైపన్నూ కిందపన్నూ తగలకూడదు. ఇదిగో, నువ్విప్పుడూ బిగించుకునే ఉన్నావు, వదులు.

అప్ప అన్నీ సేసింది, కొరకడమొక్కటీ మానదు. "మానితే పని ఎనకబడిపోద్ది, చలమయ్య ఊరుకుంటాడేట్రా" అనేది. నాకు మండింది. రేవు లోపలే విరిగిపోయిన, ఇనుము కోసే హాక్సా బ్లేడు ముక్క దొరికితే, అప్ప కూకునే సెక్కకి నిలబెట్టి మేకులు కొట్టేశాను, కత్తిపీటలాగ. పురికొస దానిమీద లాగితే సాలు. చలమయ్య వొచ్చి "ఇదేటి" అన్నాడు. పక్కన కుట్టే వరహాలమ్మ "నీ పీకకి కాదులే మేస్త్రీ, పురికొసకే" అంది. పదిమందీ ఒకటే నవ్వు. ఆడు గేటేపు ఎల్లిపోయాడు. నెల తిరక్కుండా పది సెక్కలకీ బ్లేడు ముక్కలే.

రెండు నెలలకి నొప్పి తగ్గింది. సోటూ నిలబడింది. పళ్లు రావు కదా. బతికినన్నాళ్లూ ఎడంపక్కే నమిలింది. నన్నొక్క మాట అన్లేదు. అంటే బాగుండేది.

ఆ పళ్లు పీకేవోడి బల్ల మీద కూకుని, సెవి ముందర వేలెట్టి సూపించిందిరా నాకు. ఇక్కడరా తమ్ముడా, పన్ను కాదురా అని. మూడుసార్లు సూపించింది. నీకేటి తెలుసు, నోర్ముయ్ అన్నాను. నోరే తెరుసుకోలేని మనిషిని.

ఎండ మీదకొచ్చేస్తంది. లోపలికి పద.