సరిగ్గా పావువంతు

లెక్కల మాస్టారు రిటైరై ఆరేళ్లయింది. అయినా బడి ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద ఆయన పీరియడ్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ఆ సాయంత్రం కొత్త టీచరమ్మ కూడా వచ్చి కూర్చుంది. మర్నాడు ఏడో తరగతికి సంభావ్యత పాఠం. కావాలంటే పెద్దాయన్ని క్లాసుకు పిలుచుకోమని హెడ్మాస్టరు ఆవిడకే వదిలేశాడట. ఆ సంగతి చెవిన పడ్డప్పటి నుంచీ మాస్టారి ప్రాణం ప్రాణంలో లేదు. మళ్లీ ఒక్కసారి సుద్దముక్క పట్టుకోవాలి, అంతే.

"రెండు నాణేలు ఒకేసారి ఎగరేస్తే ఏమేం పడొచ్చురా అని అడిగానమ్మా," మొదలుపెట్టాడాయన. "మూడే అన్నారు పిడుగులు: రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, చెరొకటి. కాదురా అని ఒక నాణేనికి ఎర్రరంగు పూశాను. ఎర్రది బొమ్మ, మామూలుది బొరుసు పడొచ్చు, తిరగబడీ పడొచ్చు, కాబట్టి మొత్తం నాలుగు, పడే వీలున్నవన్నీ కలిపితే అదే శాంపిల్ స్పేస్ అన్నాను. ఆ ఎర్రరంగు మా ఆవిడ గోళ్లరంగు లెండి, దానికి ఇంట్లో నేను తిన్న చివాట్లు..."

"నాణేల సంగతి చెప్పండి," అన్నాడు పక్కనున్న దర్జీ.

"నలభైసార్లు ఎగరేయించాను. రెండూ బొమ్మలు సరిగ్గా పదిసార్లు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగు వందలసార్లు వేశాం, వంద! బడి తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు నమ్మలేక సొంత నాణేలు తీసి, భోజనం మానేసి, నాలుగువేలసార్లు వేశాడు, వెయ్యి!"

"చెయ్యి పడిపోలేదూ?" అన్నాడు టీ కొట్టాయన.

"పడిపోతే ఎడం చేత్తో వేశాడయ్యా! నా క్లాసులో ఎప్పుడు ఆపినా, ఎక్కడ ఆపినా, సరిగ్గా పావువంతే. వెంట్రుకవాసి తేడా లేదు!"

టీచరమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఒక్కసారి ఎగరేసి ఆపేస్తేనో, మాస్టారూ?"

"ఆపేస్తే..."

"పావుసారి ఎలా పడ్డాయండీ?"

బెంచీ అంతా గొల్లుమంది. క్లాసు చేజారిపోయిందనుకున్నాడు మాస్టారు.

"నలభైకి పద్నాలుగు పడ్డాయమ్మా," అన్నాడు చివరికి, మెల్లగా. "వేసేకొద్దీ పావుకు దగ్గరవుతూ వచ్చింది. సరిగ్గా మాత్రం ఏనాడూ రాలేదు."

"రేపు మూడో పీరియడ్‌కు రండి. ఇందాకటి కథే చెప్పండి, ఇన్‌స్పెక్టరుతో సహా."

"పిల్లలు పట్టేసుకోరూ?"

"పట్టుకోవాలనేగా మిమ్మల్ని పిలుస్తున్నది!"