ముసునూరు దాకా పొగ

బాలశౌరి మొదలెట్టింది ఒక్క కోడితోనే, అది మాత్రం ఒప్పుకోవాలి. ఎనభై నాలుగు ఎండాకాలం, నూజివీడు మామిడి మార్కెట్టు ఎదురుగా కనకమ్మ టీ కొట్టు. బెంచీ చివర తోటల షావుకారు హనుమయ్యగారు టీ ఊదుకుంటున్నారు. ఆదివారం ముసునూరులో ఆయన తోటలో ఉత్తరాది వ్యాపారులకి విందు. ఏటా జోజమ్మే వండుతుంది. ఈసారి ఆ వంట తనకి దక్కాలని వెల్డింగు బాలశౌరికి ప్రాణం కొట్టుకుపోతోంది.

"ఖాళీ తారుడ్రమ్మండీ, అడ్డంగా పడుకోబెట్టా. పక్కన చిన్న డబ్బా అతికించా. మంట డబ్బాలో, మాంసం డ్రమ్ములో. పొగే లోపలికెళ్లి వండుద్ది. వైజాగ్ హార్బర్లో ఓడ దొరలు ఇలాగే వండుకునేవాళ్లు. వాళ్లది ఖరీదైన సరుకు, మనది పాతసామాన్ల కొట్టు సరుకు. అయితే ఏంటంట? పొగకి తెలుసా?"

"తారు వాసన రాదా అన్నయ్యా?" అంది కనకమ్మ.

"ముందురోజే ఉత్త మంటేసి కాల్చేశా కదమ్మా! మామిడి కట్టె పెట్టి, మూత సందుల్లోంచి పొగ పోతుంటే గోధుమపిండి మెత్తి, కోడిని లోపలేశా. ఆ తర్వాత ఏం జరిగిందనుకున్నారు? మూత తీసేసరికి ఎముక దానంతటదే ఊడొచ్చింది!"

నిజానికి జరిగింది వేరు. దాన్ని టీతో పాటు మింగేశాడు. హనుమయ్యగారు తలెత్తి చూశారు మరి. ఇంక బాలశౌరి ఆగుతాడా?

"ఆ వాసనకి బాపులపాడు బస్సు ఆగిపోయిందండీ! డ్రైవరు దిగాడు, వెనకాలే కండక్టరు, ఆ వెనకాల టిక్కెట్టు కొన్నవాళ్లూ కొననివాళ్లూ. ఒక్క కోడి, బస్సెడు జనం! అందరికీ పెట్టినా ఇంకో మూడు కాళ్లు మిగిలాయి."

"కోడికి ఎన్ని కాళ్లేంటి?" అన్నాడు తోటపని చిన్నయ్య.

"పొగలో పెరుగుతాయిరా, నీకేం తెలుసు! అసలు సంగతి చెప్పనే లేదు. అంతలో గాలి తిరిగింది. పొగ తిన్నగా ముసునూరెళ్లింది. మనం గదిలో గడ్డేసి పొగపెట్టి కాయ మాగేస్తామా? ఈ పొగకి పచ్చికాయ చెట్టు మీదే పండిపోయిందండీ! తెల్లారేసరికి తోట తోటంతా పసుపే. కాకులకి పండగ!"

హనుమయ్యగారు గ్లాసు కింద పెట్టారు. "ఎవరి తోటయ్యా?"

"మీ పక్కదేనండీ!"

"అయ్యబాబోయ్. ఆదివారం నా సరుకు లారీకెక్కాలి. పచ్చికాయైతేనే అంతదూరం ఆగుద్ది. నువ్వొచ్చి ఆ డ్రమ్ము పొగ పెట్టావంటే దారిలోనే పండి కుళ్లిపోద్ది. వద్దు నాయనా, జోజమ్మకే చెప్తాలే."

ఆయన లేవబోయారు. బాలశౌరి గబుక్కున అడ్డమెళ్లాడు.

"అబ్బే, ముసునూరెక్కడండీ! ఆ పొగ మా పెరటి గోడే దాటలేదు."

"మరి కాయ పండిందన్నావు?"

"ఏం పండుద్దండీ! పొద్దుట్నించీ ఊదలేక చచ్చా. కోడికి మంట వైపు కాలు బొగ్గయింది, అటువైపు కాలు పచ్చినెత్తురు. ఆ కోడే ఉడకలేదు, మీ కాయేం పండుద్ది!"

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. కనకమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

హనుమయ్యగారు తాపీగా కండువా దులుపుకున్నారు. "కనకమ్మా, మావాడికి ఇంకో టీ ఇవ్వు, పాపం గొంతెండిపోయింది. ఒరే చిన్నయ్యా, నువ్వెళ్లి జోజమ్మని రమ్మను."